చీటీ ఎవరు అంటించారు

మా తమ్ముడు పోయాడు. పోయిన నెల, ఉదయం దేవుడి దగ్గర దీపం పెట్టి లేచేసరికి ఆసుపత్రి నుంచి మరదలి ఫోన్. గుండెపోటు. దేవుడి మీద నాకు కోపం లేదు. నా కోపం వేరే.

వాడి కంపెనీ సొంతంగా ఆపరేటింగ్ సిస్టం తయారుచేస్తుంది. అందులో వాడి పని కెర్నల్. అన్నిటికీ అడుగున ఉండి, ఎవరు ఏ ఫైలు తెరవవచ్చో చూసేది అదే. "ఏటిరా అది?" అంటే మల్కాపురం చీటీ గుర్తుచేశాడు.

మా చిన్నప్పుడు మల్కాపురం నుంచి కంచరపాలెం మారుతూ, నాన్న పాత ఇంటి తలుపు మీద కొత్త అడ్రసు చీటీ అంటించారు. ఎవరో ఆకతాయి దాన్ని పీకేసి పెందుర్తి అడ్రసుతో ఇంకోటి అంటించాడు. మేనత్త అరిసెల డబ్బాతో పెందుర్తంతా తిరిగి, సాయంత్రానికి మా ఇల్లు చేరింది.

"సీటీ సూసి పోనాన్రా. నాకేటి తెలుసు?"

"అంటించినోడు ఎవుడో సూసుకోవా అత్తా?" అన్నాడు వీడు.

ఆ రోజు వాడికి అరిసె దక్కలేదు.

కంప్యూటర్‌లో సింబాలిక్ లింక్ అనేదీ అలాంటి చీటీయేనట. ఫలానా ఫైలు అక్కడుంది, అక్కడికి వెళ్లు అంటుంది, అంతే. "కెర్నల్ మన అత్తలాగే అప్పా. ఏ సీటీ కనపడితే దాని ఎనకాల ఎల్లిపోద్ది," అని ఈ అక్కకి విడమరిచాడు. అందరూ రాయగల ఫోల్డరులో ఎవరైనా దొంగ చీటీ పెట్టి, ముట్టుకోకూడని ఫైలు మీదికి ప్రోగ్రాంని తోలవచ్చట. చీటీ ఎవరిదో చూశాకే కెర్నల్ కదిలేలా వీడు మార్చాడు.

హైదరాబాద్‌లో ఉండే టీమ్ లీడ్ ఒప్పుకోలేదు. పాత ప్రోగ్రాంలు ఆగిపోతాయన్నాడు. ఆగినవన్నీ సరిచేసి వీడు మళ్లీ పంపాడు. మళ్లీ తిప్పికొట్టారు. మా ఇంటికి వచ్చినా వాడి కంచంలో అన్నం చల్లారిపోయేది.

"తినరా."

"తలుపు తీసేసున్నాది అప్పా. ఎలా తింతాను?"

పెద్దకర్మకి వచ్చిన వాడి స్నేహితుడు తలవంచుకుని చెప్పాడు. తమ్ముడి మార్పును ఇప్పుడు సిస్టంలోకి తీసుకున్నారు. రాసినవారి పేరు దగ్గర లీడ్ పేరుంది. ఎవరు రాస్తే వారి పేరు దాని మీద ఎప్పటికీ ఉండాలన్నది ఆ పనిలో వాళ్లు పెట్టుకున్న ఆచారమే.

లీడ్‌కి ఫోన్ చేశాను.

"అది టీమ్ పని, మేడమ్."

"టీమ్‌లో మా తమ్ముడు లేడా బాబూ?"

"ఇప్పుడు ఆయన లేరు కదండీ."

నేను శపించలేదు. క్షమించనూ లేదు. జపానికి కూర్చుంటే ఆ మాటే అడ్డం వస్తోంది.

స్నేహితుడు ఇంకొకటి చూపించాడు. మార్పు పనిచేస్తోందో లేదో చూసే పరీక్ష కూడా తమ్ముడే రాశాడు. అందులోని ఫోల్డర్ల పేర్లను, ఏవో ఊరిపేర్లే కదా అని కాబోలు, లీడ్ ముట్టుకోలేదు. మల్కాపురం, కంచరపాలెం, పెందుర్తి.

సిస్టం కొత్తగా తయారైన ప్రతిసారీ ఆ పరీక్ష నడుస్తుందట. ప్రతిసారీ కెర్నల్ మల్కాపురంలో మా పాత తలుపు ముందు ఆగుతుంది. పెందుర్తి పొమ్మనే చీటీ చూస్తుంది. ఎవరు అంటించారని అడుగుతుంది.

వెళ్లదు.