మంచి మామిడి మొక్కలు

చేతికి కొత్తగా స్మార్ట్ ఫోన్ వచ్చిన ఆ రోజుల్లో, నాకు కనిపించిందే లోకమంతటికీ కనిపిస్తుందని గట్టిగా నమ్మేవాణ్ణి. మదనపల్లెలో ఒక కంప్యూటర్ సెంటర్‌లో పని. పుంగనూరులో మా మేనమామకు మామిడి మొక్కల నర్సరీ ఉండేది, దానికి నేనే ఒక వెబ్‌సైట్ చేసిపెట్టాను. అప్పటినుంచి టీ తాగుతూ, బస్సులో కిటికీ పక్కన కూర్చుని, 'మంచి మామిడి మొక్కలు' అని వెతుక్కోవడమే నాకు పని. వెతికిన ప్రతిసారీ మా నర్సరీనే మొదట వచ్చేది. ఆ పేరొకసారి, కొండల మీది మబ్బులొకసారి చూస్తూ, ఏ దూరదేశంలోనో ఎవరో మామిడి చెట్టు మీద మనసుపడి మా పేరే చూస్తున్నట్టు కలలు కనేవాణ్ణి. (ఆ దేశంలో మంచు కురుస్తూ ఉండేది. మామిడి బతుకుతుందా అన్న అనుమానం నాకు రాలేదు.)

ఆ కలల మత్తులో ఉండగానే మామా నేనూ కుప్పానికి పెళ్లిచూపులకు పోయాం. అమ్మాయి చూడగానే నచ్చింది. వాళ్ల నాన్న "ఏం పని చేస్తాండావప్పా?" అని అడిగితే, నాకంటే ముందు మామ అందుకున్నాడు. "మావాడు పెట్టినాడంటే నెట్‌లో మాదే ఫస్టు. యాడ ఎతికినా అంతే, కావాలంటే సూడండి." నేను ఫోన్ తీసి చూపించాను. మొదట మా నర్సరీ. అందరూ తలలూపారు. అమ్మాయి మాత్రం మెల్లిగా తన ఫోన్ తీసి అవే మాటలు కొట్టింది. కుప్పం నర్సరీలు వచ్చాయి, తర్వాత మామిడికాయ ఊరగాయ వీడియోలు వచ్చాయి, ఇంకా కిందికి పోతే మామిడిపిందెల అంచు చీరలు వచ్చాయి. మేము లేము. సంబంధం కళ్లముందే జారిపోతోందనిపించింది.

"నెట్టు సరిగా లేదేమో," అన్నాను.

"నెట్టు బాగానే ఉండాది," అంది ఆమె. "మీరు రోజూ దాన్నే సూస్తాంటే మీ ఫోను దాన్నే ముందు పెడతాండాది. నాది కుప్పంలో ఉండాది, నేను సూసేవి సూపిస్తాది. దానికి మీరెవరో తెలీదు కదా."

వాళ్ల నాన్న పకపకా నవ్వి, "అబద్ధమైతే ఇంత ధైర్యంగా సూపించడులేమ్మా, పిల్లోడు నిజంగానే నమ్మినాడు," అన్నాడు. ఆ అమాయకత్వం చూసే నాకు పిల్లనిచ్చారని ఇప్పటికీ నా అనుమానం.

మామకు ఓపిక తగ్గి నర్సరీ మూసేసి చాలా కాలమైంది. వెబ్‌సైట్ మాత్రం తీసేయడానికి నాకు మనసొప్పలేదు. మొన్నొక సాయంత్రం వాన పడుతుంటే, ఏదో గుర్తొచ్చి నా ఫోన్‌లో ఆ పాత మాటలు కొట్టాను. ఎవరెవరివో నర్సరీలు వచ్చాయి, ఎక్కడా మా పేరు లేదు. ఊరికే మా ఆవిడ ఫోన్ తీసుకుని 'మంచి' అని కొట్టానో లేదో, మిగతా రెండు మాటలూ అదే నింపేసింది. మొదటే మా నర్సరీ, ఇంతకుముందు తెరిచి చూసిన గుర్తుతో సహా.

"ఇదేంది, నీ ఫోన్‌లో వస్తాండాది?" అన్నాను.

"ఊరు మారితిని కదా, అందుకే," అంది పొయ్యి వైపు తిరిగి.

ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటున్న సంగతి నేను గుర్తు చేయలేదు. కిటికీ పక్కన కూర్చుని కలలు కన్న ఆ కుర్రవాణ్ణి నా ఫోన్ ఎప్పుడో మరిచిపోయింది. ఆమె ఫోన్‌లో వాడింకా ఫస్టే.