జంగయ్య కాక నా చేతికిచ్చిన ఫోన్

ఏడేళ్లుగా ఒక మాట మోస్తున్నాను. నడుం వంచేసేంత బరువేం కాదు. అన్నం తింటాను, నవ్వుతాను, పెళ్లిళ్లకు పోతాను. కానీ టీవీలో నలుగురు కూర్చుని యుద్ధం గురించి వాదించుకుంటుంటే మాత్రం రిమోట్ వెతుక్కుంటాను. అది దొరక్కపోతే లేచి బయటికి పోతాను. నాకు రాజకీయాలంటే విసుగు పుట్టిందని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. అనుకోనీ అని ఊరుకున్నాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు రాయను. ఇందులోవాళ్ల పేర్లు మార్చాను, ఊరి పేరు వదిలేశాను. ఇబ్రహీంపట్నం దగ్గర ఒక ఊరు అనుకోండి, చాలు. తప్పు ఒప్పుకునేవాడు పేరు దాచుకోవడమేమిటని మీరు అడగొచ్చు. నన్ను నేనూ అడిగాను. సరైన జవాబు దొరికి ఉంటే పేరు కూడా రాసేవాణ్ణి.

అప్పట్లో నేను ఒక న్యూస్ చానల్‌కి ఇబ్రహీంపట్నం కంట్రిబ్యూటర్‌ని. అంటే చేతిలో చానల్ మైకు ఉంటుంది, ఉద్యోగం ఉండదు. నేను పంపే వార్తలు ఎలాంటివంటే, చెరువు శిఖం భూమిలో మట్టి పోశారు, బొంగులూరు దగ్గర లారీ బోల్తా పడింది, కొత్త వెంచర్ వాళ్లు రైతుల బండ్ల బాట మూసేశారు. పది పంపితే ఒకటో రెండో వచ్చేవి, అవీ తెర అడుగున పరుగెత్తే అక్షరాల్లో. పన్నెండేళ్లు అలా గడిచాయి. ఆ పన్నెండేళ్లలో హైదరాబాద్ ఆఫీసులోని డెస్క్ వాళ్లు తమంతట తాము నాకు ఫోన్ చేసిన సందర్భాలు చాలా తక్కువ.

అలాంటప్పుడు సరిహద్దులో గొడవ మొదలైంది. చానళ్లన్నీ ఒక్కరోజులో వేషం మార్చాయి. స్టూడియోల్లో మ్యాపులు, మ్యాపుల ముందు కర్రలు పట్టుకున్న రిటైర్డ్ అధికారులు. ఏ కనుమ నుంచి పోవాలి, ఎక్కడ ఆగాలి, ఆగితే పరువు పోతుందా, ముందుకు పోతే ఎంత దూరం పోవాలి. మా బస్టాండు హోటల్లో కూడా అదే చర్చ. హయత్‌నగర్ బస్సు కోసం నిలబడ్డవాళ్లు బస్సు వదులుకుని మరీ వాదించేవారు. నేనూ వాదించాను. ఆగొద్దన్న పక్షం నాది. ఆ సరిహద్దు ఎలా ఉంటుందో ఫొటోల్లో తప్ప చూసినవాణ్ణి కాదు, అయినా గొంతు మాత్రం అందరికంటే నాదే పెద్దది.

ఆ రోజుల్లోనే చానళ్లకు ప్రభుత్వం నుంచి ఒక సూచన వచ్చింది. సైన్యం కదలికలు చూపించొద్దు, బలగాలు ఉన్న చోటు తెలిసేలా ఏమీ వెయ్యొద్దు. డెస్క్ దాన్ని మా వాట్సాప్ గ్రూపులో పెట్టింది. దాని కిందనే మరో మెసేజ్. మీ ఏరియాలో ఆర్మీ వాళ్ల ఇళ్లుంటే వెంటనే వెళ్లండి, విజువల్స్ ముఖ్యం. రెండూ చదివాను. రెండింటికీ బొటనవేలు గుర్తు పెట్టాను.

మర్నాడు పొద్దున్నే జంగయ్య ఇంటికి పోయాను. టమాట, వంకాయ పండించే రైతు. నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు, కాకా అని పిలుస్తాను. ఆయన ఒక్కగానొక్క కొడుకు శ్రీశైలం ఆర్మీలో ఉన్నాడు. కోడలు సుజాత ఇంటి దగ్గరే ఉండేది. నేను మైకు పెట్టి, యుద్ధం చెయ్యాలా వద్దా అని అడిగాను. కాక నన్ను వింతగా చూశాడు. వాడు తిన్నడో లేదో గది చెప్పుర్రి మీ టీవీల, అన్నాడు. డెస్క్‌కి పనికొచ్చే మాట కాదది. మైకు బ్యాగులో పెట్టేశాను.

అప్పుడు ఆయన తన ఫోన్ నా చేతిలో పెట్టాడు. మా దగ్గర ఇది మామూలే. కాస్త చదువుకున్నవాడు ఇంటికొస్తే పెద్దవాళ్లు ఫోన్ చేతికిచ్చేస్తారు. నిండిపోయిందంట, జర ఖాళీ చెయ్ బిడ్డా, అంటారు. రోజూ వచ్చిపడే దేవుళ్లు, గులాబీలు, శుభోదయాలు చెరిపెయ్యడం ఒక మర్యాద లాంటిది. చుట్టుపక్కల ఊళ్లలో నేను చాలా ఫోన్లు ఖాళీ చేశాను. ఎవరి దాంట్లోనూ తొంగిచూసింది లేదు. ఈ ఒక్క విషయంలో నన్ను నమ్మొచ్చు అనేవాళ్లు, అది నిజం కూడా, ఆ రోజు వరకు.

కొడుకు ఇంటి గ్రూపులో ఏదో వీడియో పంపాడు, ఫోన్ నిండిపోయి అది తెరుచుకోవడం లేదు. అదీ జంగయ్య కాక బాధ. గులాబీలన్నీ తీసేశాక తెరుచుకుంది. ఇద్దరం కలిసే చూశాం. అర నిమిషం ఉంటుంది. వరసగా లారీలు, మీద పట్టాలు కప్పి ఉన్నాయి. ఒక ఇనుప వంతెన. వెనక రెండుగా చీలినట్టున్న కొండ. చివర్లో శ్రీశైలం ముఖం. మంచిగున్న బాపూ, ఫికర్ జెయ్యకుర్రి, ఇది ఎవ్వలకు పంపకుర్రి, అన్నాడు. కాక తువ్వాలతో కళ్లు తుడుచుకున్నాడు. నాకు టమాటలు ఇస్తానని సంచి కోసం లోపలికి పోయాడు.

ఆయన సంచి వెతికేలోగా ఆ వీడియో నా నంబర్‌కి పంపుకున్నాను. పంపినట్టున్న గుర్తును ఆయన ఫోన్‌లోంచి చెరిపేశాను. ఇక్కడ ఆగుతాను. ఎందుకంటే ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నది తెలియక చేశానని, ఆ హడావుడిలో ఆలోచించలేదని. తప్పని తెలియనివాడు జాడ చెరుపుతాడా? ఆ చెరపడానికి పట్టిన రెండు క్షణాలు చాలు, నేనెవరో నాకు తెలియడానికి.

రోడ్డు మీదికొచ్చి, బండి పక్కన ఆపి, చివరి ముక్క కత్తిరించాను. శ్రీశైలం ముఖం కనిపించకుండా కాపాడుతున్నాననుకున్నాను. నిజానికి కత్తిరించింది ఎవరికీ పంపొద్దన్న మాటను. మిగతాది డెస్క్‌కి పంపాను. పొద్దున పది గంటల పన్నెండు నిమిషాలు. బండి హ్యాండిల్‌కి టమాటల సంచి వేలాడుతోంది.

సుజాత సంగతి నాకు తర్వాత తెలిసింది. ఆ పిల్ల కూడా అదే వీడియో గ్రూపులో చూసింది. మధ్యాహ్నం అన్నం తిన్నాక, మొగుడి మీద గర్వంతో స్టేటస్‌లో పెట్టుకుంది. అరగంటకు మనసు ఒప్పక తీసేసింది. ఆలోగా చుట్టాలు కొందరు చూశారు.

రాత్రి ఎనిమిది గంటల చర్చ మేం బస్టాండు హోటల్లోనే చూశాం. మాకు మాత్రమే అందిన దృశ్యాలు అంటూ యాంకర్ నా వీడియో వేశాడు. రిటైర్డ్ అధికారి కర్రతో వంతెనను చూపించాడు, తర్వాత చీలిన కొండను చూపించాడు, మ్యాపులో ఒక చోట కర్ర ఆనించి, మన వ్యూహం ఇటు నుంచే అని తేల్చేశాడు. పక్కనున్న ఇంకో పెద్దమనిషి అభ్యంతరం చెప్పాడు. ఇలాంటివి చూపించడం తప్పు, యుద్ధ సమయంలో మీడియాకు సంయమనం ఉండాలి అన్నాడు. ప్రజలకు తెలుసుకునే హక్కు లేదా అని యాంకర్ ఎదురు తిరిగాడు. మీడియా బాధ్యత గురించి చాలాసేపు వాదించుకున్నారు. వాళ్లు వాదించుకున్నంతసేపూ వెనకాల తెర మీద ఆ లారీలు, ఆ వంతెన, ఆ కొండ తిరుగుతూనే ఉన్నాయి. హోటల్లో ఎవరో ఈల వేశారు. నాకు ఎలా ఉందంటారా? సంతోషంగా ఉంది. దాచడం దేనికి, పన్నెండేళ్లలో అంతగా ఎప్పుడూ సంతోషపడలేదు.

మూడో రోజు శ్రీశైలం ఫోన్ చేశాడు. వీడియో ఎవరు తీశారో యూనిట్‌లో తేలిపోయింది, విచారణ పెట్టారు. ఇంట్లోంచి బయటికెలా పోయిందని అడిగాడు. సుజాత ఏడుస్తూ, నేనే స్టేటస్ పెట్టిన అని చెప్పేసింది. అంతటితో ఇంక ఎవరూ వెతకలేదు. వెతకాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు. అతనికి రావాల్సిన ప్రమోషన్ ఆగిపోయింది, వేరే చోటికి పంపేశారు. ఆ వంతెన దగ్గర ఎవరికైనా ఏమైనా అయిందా అని నేను చాలాకాలం వాకబు చేశాను. ఏమీ కాలేదనే విన్నాను. అది వాళ్ల అదృష్టం. అందులో నా మంచితనమేమీ లేదు.

జంగయ్య కాకకు నా మీద అనుమానమే రాలేదు. మా కోడలు ఎంత పని చేసింది సూడు బిడ్డా, అని నా దగ్గరే బాధపడ్డాడు. చిన్నపిల్ల, తెల్వక చేసింది, మన్నించు కాకా, అన్నాను. నేను చేసిన తప్పుకు ఆమెను మన్నించమని నేనే సిఫారసు చేశాను. ఆయన నన్ను మెచ్చుకున్నాడు కూడా.

ఆ తర్వాత శ్రీశైలం ఇంటికి ఒక్క ఫొటో పంపలేదు. గొంతు తప్ప ఏమీ పంపలేదు. రెండేళ్లకు కాక జబ్బుపడి హయత్‌నగర్‌లో దవాఖానలో ఉన్నాడు. కొడుకు ముఖం ఒక్కసారి చూడాలన్నాడు. సెలవు దొరికి అతను బయలుదేరేలోగా వీడియో కాల్ చెయ్యమని సుజాత బతిమాలింది. నీ చేతిల ఫోన్ ఉండంగ నా మొఖం సూపియ్య, అన్నాడంట. ఆమె ఫోన్ స్పీకర్‌లో పెట్టి మామ ముఖం దగ్గర పట్టుకుని కూర్చుంది. కాక, కొడుకు గొంతు వింటూ తెర వైపు చూస్తున్నాడు. నేను పండ్లు తీసుకుని పరామర్శకు పోయి, తలుపు దగ్గర నిలబడి ఇది చూశాను. కొడుకు వచ్చేసరికి ఆయన లేడు.

ఇప్పుడు నేను ఆ చానల్‌లో లేను. పశ్చాత్తాపంతో మానేశాననుకునేరు, కాదు. వాళ్లే తీసేశారు. అయినా ఊళ్లో నా గౌరవం ఎక్కడికీ పోలేదు. నిరుడు ఒక కాలేజీ వాళ్లు సీనియర్ జర్నలిస్టునని పిలిచారు. యుద్ధ సమయంలో మీడియా పాత్ర, అదీ విషయం. బాగా మాట్లాడాను. ఒక దృశ్యం వేసే ముందు దాని వెనక ఎవరి ఇల్లుందో చూడాలి అన్నాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు. ఆ ఫొటో పేపర్లో పడింది.

సుజాత ఇప్పుడు ఇబ్రహీంపట్నంలో బట్టలు కుడుతుంది. శ్రీశైలం రిటైరయి వచ్చాడు, బొంగులూరు వైపు ఒక వెంచర్‌లో సెక్యూరిటీ చూస్తాడు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు. కానీ స్నానానికి పోయేటప్పుడు కూడా అతను ఫోన్ బీరువాలో పెట్టి తాళం వేసుకుని పోతాడట. మా ఆవిడతో ఆమే చెప్పుకుంది. కాలేజీ ఫొటో పడ్డ వారానికి, పొడుగు తగ్గించమని ఇచ్చిన ప్యాంటు తెచ్చుకుందామని ఆమె షాపుకి పోయాను.

"అన్నా, కాలేజీల గసొంటి వీడియోల గురించే మాట్లాడినవంట గదా. ఒక్కటి అడుగుత. నా స్టేటస్ చూసినోళ్లంత మనోళ్లే. అండ్లకెల్లి చానల్‌కు ఎవరు పంపిండ్రో నీకు తెలుస్తదా?"

"ఇప్పుడెందుకు చెల్లె అదంత?"

"కొట్లాడనీకె కాదన్నా. ఆయనకు ఒక్కసారి చెప్పాలె. పంపింది నేను కాదు, ఇంకొకలు అని."

"గవన్నీ హైదరాబాద్ ఆఫీసుల అయితయ్. మనకేం తెల్వదు."

ఆమె ప్యాంటు అంచున వేలాడుతున్న దారం తెంపింది.

"అవ్ తియ్. ఎవరు పంపితేంది, పెట్టింది నేనే గదా."

ప్యాంటు మడిచి కవర్‌లో పెట్టి ఇచ్చింది. తీసుకుని వచ్చేశాను.

ఏడేళ్ల కిందట చేసింది ఒక తప్పు. ఆ షాపులో చేసింది ఇంకొకటి, నా లెక్కలో రెండోదే పెద్దది. మొదటిసారి ఆశ ఉంది, తొందర ఉంది, పైనుంచి డెస్క్ ఉంది. రెండోసారి నన్ను తొందరపెట్టినవాళ్లు లేరు. ఆమె అడిగింది, నాకు తెలుసు, మధ్యలో ఒక కుట్టు మిషను తప్ప ఏమీ అడ్డం లేదు. ఎందుకు చెప్పలేదు? శ్రీశైలం కొడతాడనా? కేసవుతుందనా? అవి కావు. బస్టాండులో నన్ను చూసి లేచి కుర్చీ వేసేవాళ్లు రేపు వెయ్యరేమోనని. ఒక కుర్చీ కోసం ఆమెను ఇంకో ఏడాది అలాగే ఉంచాను. నా మీద నాకు అసహ్యం వేస్తుంది. రాసి చూస్తే ఇంకా ఎక్కువ వేస్తోంది.

పాత ఫోన్ నా దగ్గరే ఉంది. నిన్న చార్జింగ్ పెట్టి చూశాను. అన్నీ పోయినా డెస్క్‌కి పంపిన ఆ మెసేజ్ మాత్రం ఉంది. పది గంటల పన్నెండు నిమిషాలు, పక్కన రెండు టిక్కులు.

ఇది చదివి మీరు నన్ను మన్నించక్కర్లేదు. అది మీ చేతిలో లేదు, నేనడగడం లేదు కూడా. చెప్పేశాను, ఊపిరి కాస్త ఆడుతోంది. ఆ తేలిక నాకొక్కడికే వచ్చింది. ఆమెకు కావాల్సింది మాత్రం ఒక్క మాట. అది నా నోటితో ఎలా చెప్పాలో పొద్దున్నుంచి అనుకుంటున్నాను. ఎన్నిసార్లు మార్చినా చివరికి ఇంతే మిగులుతోంది.

చెల్లె, నువ్వు అన్నం తిని స్టేటస్ పెట్టకముందే అది పోయింది. పంపింది నేను.