పక్కింటి ఆంటీ రాసుకున్న ఇష్టాలు

పోయిన మంగళవారం ఉదయం మా పక్కింటి ఆంటీ కన్నుమూశారు. నాటింగ్‌హామ్‌లో, తన ఇంట్లో, తన మంచం మీద. ఆవిడ పక్కనే ఉన్న వాళ్ళబ్బాయి ఫోన్ చెయ్యకుండా వచ్చి మా తలుపు తట్టాడు. అతని ముఖం చూడగానే నాకు అర్థమైంది. చాలాసేపు ఏడ్చాను. కానీ ఆ ఏడుపులో ఎక్కడో ఒక తృప్తి కూడా ఉంది. ఆ తృప్తి ఎందుకో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ఆంటీది కాకినాడ. పెళ్ళయి ఇంగ్లండు వచ్చి యాభై ఏళ్ళు దాటింది. జీపీ సర్జరీ, అంటే వీధి డాక్టరు క్లినిక్, రిసెప్షన్‌లో పనిచేసి రిటైరయ్యారు. తొమ్మిదేళ్ళ క్రితం మేము ఈ వీధిలో ఇల్లు కొనుక్కుని దిగిన వారమే మమ్మల్ని భోజనానికి పిలిచారు. పప్పు వడ్డిస్తూ, "అవునమ్మాయ్, మీ ఇద్దరూ పవర్ ఆఫ్ అటార్నీ రాసుకున్నారా?" అని అడిగారు. నాకు ఒళ్ళు మండింది. శుభమా అని కొత్తింట్లోకి వస్తే ఇవేం మాటలని ఇంటికొచ్చి మావారి దగ్గర సణిగాను.

ఆవిడ ఎందుకు అడిగారో తర్వాత తెలిసింది. మేము రాకముందే పోయిన అంకుల్‌కి మతిమరుపు జబ్బు ముదిరినప్పుడు ఆంటీ మన ఇళ్ళల్లో చాలామంది చేసే పనే చేశారు. ఆయన సంతకం తనే పెట్టేశారు. "నలభై ఏళ్ళ కాపరవమ్మా! ఆయన సంతకం ఆయనకంటే నేనే గుండ్రంగా పెడతాను. అది తప్పని నాకేం తెలుసూ?" అనేవారు. బ్యాంకు పట్టుకుని ఖాతా ఆపేసింది. ఇక్కడ భర్తకి మతి తప్పాక ఆయన తరఫున నిర్ణయాలు తీసుకునే హక్కు భార్యకి దానంతటదే రాదు. నాకు తెలివి లేని రోజున నా బదులు ఫలానావాళ్ళు నిర్ణయించాలని, తెలివుండగానే రాసి రిజిస్టర్ చేయించుకోవాలి. ఆంటీ మమ్మల్ని అడిగిన పవర్ ఆఫ్ అటార్నీ అదే. అంకుల్ ఆ కాగితం రాయలేదు. ఆంటీ నెలల తరబడి కోర్టు ఉత్తరాలతో కుస్తీ పట్టారు.

ఆ తర్వాత ఆవిడ ఊరుకోలేదు. ఊళ్ళో తెలుగువాళ్ళు ఎవరు దొరికినా తన డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చోబెట్టి ఆ ఫారాలు నింపించేవారు. చిక్కు వ్యవహారాలైతే లాయరు దగ్గరికి తరిమేవారు. మనవాళ్ళు తక్కువవాళ్ళా? ఇవాళ అమావాస్య అనేవారొకరు, ఆషాఢం పోనివ్వండి అనేవారొకరు. ఆంటీ నాటింగ్‌హామ్ టైముకి పంచాంగం ప్రింటు తీసి ఫ్రిజ్ మీద అంటించారు. రాహుకాలం దాటించి, కుంకుమ బొట్టు పెట్టి, పెన్ను చేతికిచ్చేవారు. "సంతకం పెట్టినంత మాత్రాన ఎవరూ పోరు. పెట్టకపోయినంత మాత్రాన ఎవరూ ఉండిపోరు. పెట్టెయ్యి" అనేవారు. అలా ఓ శ్రావణ శుక్రవారం మా ఇద్దరి చేతా పెట్టించారు. తర్వాత పూర్ణాలు పెట్టారు.

తన ఫారంలో మాత్రం నన్ను హడలగొట్టారు. డబ్బు వ్యవహారాలకి ఎడిన్‌బర్గ్‌లో ఉన్న కొడుకు పేరు రాశారు. వైద్యం, ఎక్కడ ఉండాలి అన్న విషయాలకి నా పేరు రాశారు.

"కన్నకొడుకుండగా నేనెవర్ని ఆంటీ?"

"వాడికి నేనంటే ప్రాణవే. అందుకే భయపడి నన్నెక్కడో భద్రంగా దాచేస్తాడు. నువ్వైతే నేను చెప్పింది చెప్పినట్టు చెప్తావ్. వాడికీ చెప్పాన్లే, ఊఁ అన్నాడు. విన్నాడో లేదో మరి."

ఫారంలో ఇష్టాలు రాసుకోవడానికి ఒక పెట్టె ఉంటుంది. చాలామంది దాన్ని ఖాళీగా వదిలేస్తారు. ఆంటీ అది చాలక ఇంకో కాగితం కూడా ఇంగ్లీషులో నింపారు. వీలైనంత కాలం నా ఇంట్లోనే ఉంచండి. కిటికీ తెరిచి పెట్టండి. ఫిల్టర్ కాఫీ ఇవ్వండి, షుగరున్నా సరే పంచదార వెయ్యండి. టీవీ పెట్టి దాని ముందు వదిలెయ్యకండి. పడిపోతానని మీకు భయమైతే, నేను పడిపోయేది నా ఇంట్లోనే కానివ్వండి.

ఈ ఏడాది ఆవిడకి స్ట్రోక్ వచ్చింది. కుడి చెయ్యి, మాట రెండూ పోయాయి. మనుషుల్ని గుర్తుపట్టేవారు గానీ ఏది అడిగినా తెలియజెప్పలేకపోయేవారు. మూడో వారంలో ఆస్పత్రిలో మీటింగ్ పెట్టారు. అబ్బాయి ఎడిన్‌బర్గ్‌లో తన ఇంటికి పది నిమిషాల దూరంలో, పెద్దవాళ్ళని ఉంచి చూసుకునే మంచి కేర్ హోమ్ చూసుకుని వచ్చాడు. చెడ్డవాడు కాదు. నిద్రలేక కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. నేను కాగితం తీసి, ఆవిడని ఇంటికే పంపమన్నాను.

"యూ ఆర్ జస్ట్ ద నైబర్!" అన్నాడతను.

నిజమే కదా. ఒంటరిగా ఉన్నప్పుడు ఆవిడ నిజంగానే పడిపోతే ఆ పాపం ఎవరిది? ఆవిడ మేలు చూసి నిర్ణయించాల్సింది నేనేనని మీటింగ్‌లో ఉన్న సోషల్ వర్కర్ మెల్లగా చెప్పింది. కానీ కొడుకు మీద కాగితంతో నెగ్గడం నాకిష్టం లేదు. ఆవిడ రాసిన పేజీ అతని ముందు పెట్టాను.

"మీరే చదవండి."

చదివాడు. పంచదార దగ్గర నవ్వాడు. చివరి వాక్యం దగ్గర ఆగిపోయి, దాన్ని మళ్ళీ మళ్ళీ చదివాడు. తెలుగు అర్థమైనా ఎప్పుడూ ఇంగ్లీషులోనే మాట్లాడే మనిషి, "అమ్మ... ఇంటికి" అన్నాడు.

ఇంట్లో పదకొండు వారాలు ఉన్నారు ఆంటీ. మేడ మీది మంచం కింది గదిలోకి దించాం. ఆవిడ పనులు చూసే కేరర్లు రోజుకి నాలుగుసార్లు వచ్చేవారు. అబ్బాయి ముందు గదిలో లాప్‌టాప్ పెట్టుకుని పని చేసుకునేవాడు. నేను కాఫీ తీసుకెళ్ళేదాన్ని. ఒక్కసారి కూడా పడలేదు. పడినా, నేను చేసింది సరైనదేనని ఇప్పుడు అనుకోగలుగుతున్నాను. ఆ ధైర్యం ఆవిడ రాతే ఇచ్చింది.

ఇంటికొచ్చిన ఆ రోజు సంగతి చెప్పి ఆపుతాను. అంబులెన్సు వాళ్ళు ఆంటీని వీల్‌చెయిర్‌లో గుమ్మం దాటించి హాల్లోకి తెచ్చారు. అబ్బాయి సంచులతో వెనకే పరిగెత్తుకొచ్చి, కంగారుగా దిళ్ళు సర్దుతున్నాడు. మూడు వారాలుగా ఎవరేం చేసినా చేయించుకుంటూ పడి ఉన్న మనిషి, హాలంతా ఒకసారి కలయజూశారు. తర్వాత ఎడం చెయ్యి మెల్లగా పైకెత్తి, వేలు చాపి, కొడుకు కాళ్ళ వైపు చూపించారు. అతను కార్పెట్ మీద బూట్లతో నిలబడి ఉన్నాడు. నలభై ఎనిమిదేళ్ళ మనిషి మెట్టు మీద కూలబడి, నవ్వుతూ, ఏడుస్తూ లేసులు విప్పుకున్నాడు. ఒక బూటు వచ్చింది. ఆంటీ వేలు దించలేదు, రెండోదాని కోసం చూస్తున్నారు.