జెట్టీ మీద నీలం బల్బులు

మా బావ జెట్టీ మీద కరెంటు పని చేస్తాడు. అక్క ఉన్నన్నాళ్ళూ బావ వట్టి వాగుడుకాయ. ఒక సాయంత్రం చీకట్లో పడవ దిగుతూ అడుగు తప్పి అక్క నీళ్ళలో పడి చనిపోయింది. అప్పటినుంచి బావకి ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఏడవనైనా ఏడవలేదు. నెల తిరక్కుండా జెట్టీ పొడవునా దీపాలు పెట్టించాడు. సూది పడినా ఏరుకోవచ్చు, అంత వెలుగు.

జెట్టీ పక్కనే పగడపు దిబ్బ ఉంది. దాన్ని పరిశీలించడానికి వచ్చిన అమ్మాయిని మేమంతా పగడాలమ్మాయి అనేవాళ్ళం. ఒకరోజు ఆమె బావని వెతుక్కుంటూ వచ్చింది.

"అంకుల్, ఏటా ఒక పున్నమి దాటాక, పొద్దుగూకి చంద్రుడు వచ్చేలోపు కాస్త చీకటి ఉంటుంది కదా. అది చూసుకునే పగడాలన్నీ ఒక్కసారే గుడ్లు వదులుతాయి. మీ లైట్ల వల్ల వాటికి చీకటే తెలియట్లేదు. తలో రోజున వదిలేస్తున్నాయి. ఇక పిల్లలెలా పుడతాయి? ఉన్నవి కూడా పోతే దిబ్బే ఉండదు."

"సరేనమ్మా," అన్నాడు బావ.

వారం తిరిగేసరికి బల్బులన్నీ నీలం అయిపోయాయి.

"మనం పడుకునేటప్పుడు వేసుకునేది ఇదే కదా," అన్నాడు. "వాటికీ చల్లగా ఉంటుంది."

పగడాలకి బెడ్‌లైటు! చాన్నాళ్ళకి నాకు నవ్వొచ్చింది. పగడాలమ్మాయి మాత్రం నవ్వలేదు. నీళ్ళలో లోతుకంటా దిగేది నీలం వెలుగేనట, పగడాలు వెన్నెల అనుకునేదీ దాన్నేనట. ఆ ఏడూ గుడ్లు వృథాగానే పోయాయి.

"అయితే ఆర్పేయాలా?" అన్నాడు బావ.

"ఆ కొన్నాళ్ళు, అంకుల్."

నాకు ఒళ్ళు మండింది. "ఆ చీకట్లోనే మా అక్క పోయింది! రాళ్ళ కోసం మనుషుల్ని ముంచుతారా?" అని అరిచాను.

"రాళ్ళు కావంట పిల్లా, ప్రాణం ఉందంట," అన్నాడు బావ, కాసిన్ని మంచినీళ్ళు అడిగినంత మామూలుగా.

మరుసటి ఏడు ఆ పున్నమి దాటగానే దీపాలు ఆర్పేశాడు. అవతలి ఒడ్డున కుట్టుపని ముగించుకుని నేను భయంభయంగా పడవ దిగుతున్నాను. ఎవరో నా చెయ్యి పట్టుకున్నారు. చూస్తే బావ. జెట్టీ మెట్ల మీద మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, దిగేవాళ్ళందరినీ ఒక్కొక్కరినే పైకి ఎక్కిస్తున్నాడు.

"మెట్టుందండీ, చూసుకోండి," అన్నాడు నాతో. నేనెవరో కూడా చూడలేదు.

ఇంతలో నీళ్ళలోంచి పగడాలమ్మాయి కేక పెట్టింది. "అంకుల్! వదిలాయి! అన్నీ ఒక్కసారే!"

"మంచిదమ్మా," అని నా వెనకున్న ముసలాయనకి చెయ్యి అందించాడు.

నాకు ఏడుపు ఆగలేదు. బావకి రాలేదు.