కూత కొలిచిన మాస్టారు

ఇరవై ఏళ్ళు స్టెతస్కోపు లేకుండానే పిల్లల గుండెలు పరీక్షించాను. నేను డాక్టర్ని కాను. రేపల్లె దగ్గర ఒక పల్లె హైస్కూల్లో డ్రిల్లు మాస్టార్ని, పేరు సంజీవరావు. నా పరీక్ష ఒక్కటే: కబడ్డీ కూత. గుక్క తిప్పుకోకుండా ఎక్కువసేపు కూత పెట్టినవాళ్ళది గట్టి గుండె. ఇంత గొప్ప సంగతి కనిపెట్టినా ఎవరూ శాలువా కప్పలేదని లోలోపల గునిసేవాణ్ణి కూడా.

పదో తరగతి దేవకుమారి కూత అందరికంటే పొడుగు. 1988లో బాపట్ల పోటీలకు ఆ పిల్లే మా కెప్టెను. జట్టులో పన్నెండుమందికీ డాక్టరు ఇచ్చే ఫిట్‌నెస్ కాగితాలు కావాలి. ఏటా రేపల్లెలో ఒక ముసలి డాక్టరుగారు కాఫీ తాగుతూ పన్నెండింటి మీదా సంతకాలు గీకేసేవారు. ఆ ఏడు ఆయన కుర్చీలో కొత్త డాక్టరు లలితాంబగారున్నారు.

"పిల్లలేరండి మాస్టారూ?"

"వాళ్ళెందుకు మేడమ్? వాళ్ళ గుండెల సంగతి నాకు తెలుసండి."

ఆవిడ కాగితాలు తిరిగి నా చేతిలో పెట్టేశారు. సణుక్కుంటూ మర్నాడు పన్నెండుమందినీ బస్సెక్కించాను.

దేవకుమారి దగ్గర స్టెతస్కోపు చాలాసేపు ఆగింది. "మీ ఇంట్లో ఎవరన్నా చిన్నవయసులో ఉన్నట్టుండి పోయారామ్మా?" అని అడిగారావిడ.

"మా అన్నయ్యండి. గ్రౌండులో పరిగెడుతూ."

ఆ గ్రౌండు నాదే. నాలుగేళ్ళ కిందట వాళ్ళన్న బాబూరావు "కళ్ళు తిరుగుతున్నాయి సార్" అంటే, "వేషాలెయ్యకు, ఇంకో రౌండు కొట్టు" అన్నాను. వాడు పడిపోయాక, ఎండదెబ్బ అని వాళ్ళమ్మకు చెప్పిందీ నేనే. ఆ పూట అసలు ఎండే లేదు.

దేవకుమారికి తెనాలిలో ఈసీజీ తీసి, గుంటూరు పంపారు. గుండె కండరం మందమైందనీ, ఇది వంశంలో వచ్చే జబ్బనీ, ఆడితే ప్రాణానికే ముప్పనీ అక్కడ తేల్చారు.

తిరుగు బస్సులో దేవకుమారి చాలాసేపు ఏడ్చింది. తర్వాత అడిగింది: "అన్నయ్యకీ ఇలా చూపించుంటే బతికేవాడా సార్?"

గ్రౌండంతా వినపడేలా అరిచేవాణ్ణి, ఆ పిల్లకొక్కదానికే వినపడేలా, "బతికేవాడేమోనమ్మా. ఆరోజు నేను ఆపాల్సింది. తప్పు నాది" అన్నాను. అంత సిగ్గు నా జన్మలో ఎరగను.

బాపట్లలో చిత్తుగా ఓడిపోయాం. మరుసటేడు ఖాళీ ఫిట్‌నెస్ కాగితాలు రాగానే కొత్త జట్టుని వరసలో నిలబెట్టాను. అప్పటికి ఇంటర్లో చేరిన దేవకుమారి, ఎవరూ పిలవకుండానే నోటుపుస్తకం పట్టుకొచ్చింది. ఒక్కొక్కర్నీ అడిగి రాసుకోసాగింది.

"ఆడేటప్పుడు కళ్ళు తిరుగుతాయా?"

వరసలో మూడో పిల్ల నసిగింది. "అప్పుడప్పుడు తిరుగుతాయక్కా."

అలవాటుకొద్దీ, "వేషాలె..." అని నోరు తెరిచాను. దేవకుమారి తలెత్తి నావంక చూసింది.

"కూర్చోమ్మా" అన్నాను, ఆ మూడో పిల్లతో.