అమ్మన్నమ్మగారు కూర్చోని బెంచీ

మా పై వాటాలో ఉండే అమ్మన్నమ్మగారు సోఫాను కూర్చునే వస్తువుగా ఏనాడూ అంగీకరించలేదు. ఈ విషయంలో నేను సంపూర్ణంగా ఆవిడ పక్షం. ఆవిడ మా పైకి వచ్చిన రోజుల్లో, సికింద్రాబాదు శివార్లలోని మా యాప్రాల్‌లో లేచిన ప్రతి అపార్టుమెంటులోనూ, సాఫ్ట్‌వేరు జీతం అందుకున్న ప్రతి ఇంట్లోనూ, కూర్చున్న మనిషిని నడుము దాకా మింగి, లేవబోతే వదలని సోఫా ఒకటి వెలిసింది. దాన్ని సౌఖ్యమని ఎవరు నిర్ణయించారో నాకు నేటికీ తెలియదు.

అమ్మన్నమ్మగారిది విజయనగరం జిల్లా చీపురుపల్లి. రైల్వే గార్డు అయిన భర్త వెంట సికింద్రాబాదు వచ్చి, మెట్టుగూడ క్వార్టర్సులో ముప్పై ఏళ్లు కాపురం చేశారు. ఆ క్వార్టర్సుకు ఆవిడే హైకోర్టు. ఏ వారం గోళ్లు తీయకూడదు, ఉప్పు చేతికి ఎందుకివ్వకూడదు, తుమ్మితే ఎంతసేపు ఆగాలి వంటి ధర్మసందేహాలన్నీ ఆవిడ ముందుకే వచ్చేవి. తీర్పు మీద అప్పీలు ఉండేది కాదు.

భర్త పోయాక, కొడుకు లోవరాజు కొన్న యాప్రాల్ వాటాకు వచ్చేసరికి మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. నేల మీద కూర్చోవద్దన్నాడు డాక్టరు. సోఫాలో కూర్చుంటే లేవదీయడానికి ఇద్దరు కావాలి. ప్లాస్టిక్ కుర్చీ ఒకటి ఆవిడ కింద కాళ్లు బార్లా చాపిన నాడే ఆ జాతి మొత్తాన్నీ వెలివేశారు. కడకు అన్నం నిలబడి తినేవారు. టీవీ సీరియలు గోడకానుకుని చూసేవారు. సొంత ఇంట్లో మనిషికి కూర్చునే చోటు లేకపోవడం ఎంత అవమానమో ఆ గోడ దగ్గర ఆవిడను చూస్తే తెలిసేది.

లోవరాజుకు తల్లి మీద అపారమైన ప్రేమ. కాని ఇంటర్నెట్టులో చదవనిదే అతను ప్రేమను కూడా ఆచరణలో పెట్టడు. చదివి, పచ్చిచెక్క ఏడాది తిరగకుండా వంకర పోతుందనీ, పాత భవనాల నుంచి విప్పిన టేకయితే పోవలసిన వంకరలన్నీ ఎప్పుడో పోయి నిలకడగా ఉంటుందనీ తేల్చాడు. రెజిమెంటల్ బజార్‌లో పాత కలపతో సామాను చేసి అమ్మే అబ్రహాం దగ్గరకు నన్ను కూడా తీసుకుపోయాడు. అక్కడొక బెంచీ దొరికింది. గోరుతో గీసి, వేలితో తట్టి, వాసన చూసి, పురుగు తొలిచిన జాడ లేదని నిర్ధారించుకున్నాము. జానెడున్నర వెడల్పు గల ఒకే దుంగ, కింద నాలుగు కాళ్లు, అమ్మన్నమ్మగారి మోకాలికి సరిపడా ఎత్తు. ఆ రసీదూ, "తడి తగలరాదు, నెలకొకసారి అవిసె నూనె పట్టించవలెను" అన్న కాగితమూ ఈనాటికీ నా ఫైలులో ఉన్నాయి.

బెంచీ హాల్లో దిగింది. అమ్మన్నమ్మగారు గోడ వదిలి వచ్చి, కూర్చోబోయి, ఆగి, దాని అంచు తడిమి చూశారు. రెండు చివరలా రెండు గుండ్రటి గుంటలు. వాటి లోపల, చిత్రిక పట్టినా పోని పసుపు.

"ఓరి లోవా, ఇది గడపరా."

"బెంచీ అమ్మా. బర్మా టేకు."

"తలుపు తిరిగే గుంటలు అవుపడతన్నాయి గదా. ఏ మారాజులో తరతరాలు పసుపు రాసినారు. లచ్చిందేవి నడిసిన గడప మీద నాను కూకుంతానా?"

గడప మీద కూర్చోకూడదన్నది ఆవిడ కోర్టులో మొదటి చట్టం. కనుక ఆవిడ కూర్చోలేదు, మరొకరిని కూర్చోనివ్వలేదు. కోడలు పూజిత ఆఫీసు బ్యాగు దాని మీద పెడితే తీయించారు. శుక్రవారం రాగానే బెంచీని నీళ్లతో కడిగి, పసుపు రాసి, వరసగా బొట్లు పెట్టారు. మా బిల్డరు ఏ వాటాకూ గడప వేయలేదు. ఆవిడ చేతులు ఎంతకాలంగా ఆ పనికి మొహం వాచి ఉన్నాయో అప్పుడు తెలిసింది. లోవరాజు అబ్రహాం ఇచ్చిన కాగితం పట్టుకుని "తడి తగలకూడదమ్మా" అంటూ వెనకే తిరిగాడు.

"నీ కాయితం పుట్టకముందు నుంచీ ఇది తడుస్తంది" అన్నారావిడ.

చెక్క కూడా ఆవిడతోనే ఏకీభవించింది. నూనె పెట్టిన నాటికంటె పసుపు పెట్టిన తరువాతే నిగనిగలాడింది.

ఇంత మంచి ఆసనం ఎదురుగా ఉండగా ఒక పెద్దావిడ గోడకానుకుని నిలబడడాన్ని సహించడం నా వల్ల కాలేదు. శాస్త్రాన్ని శాస్త్రంతోనే కొట్టాలని బయలుదేరాను.

"అమ్మన్నమ్మగారూ, గడప మీద సాక్షాత్తూ నరసింహస్వామి కూర్చున్నాడు. మీ సింహాద్రి అప్పన్న. ఇంతకంటె ప్రమాణం ఏం కావాలి?"

ఆవిడ సావధానంగా విన్నారు. "నిజిమే మేస్టారూ. ఆయన సంపడానికి కూకున్నాడు. నానెవుల్ని సంపాల?"

పూజిత గబగబా వంటింట్లోకి వెళ్లిపోయింది. నలభై ఏళ్లు బడిపిల్లలకు పాఠాలు చెప్పిన నేను శాస్త్రం వదిలి, ఫైలులోని రసీదు వెతకడానికి కిందికి దిగాను.

మర్నాడు లోవరాజును వెంటబెట్టుకుని అబ్రహాం దుకాణానికి వెళ్లి రసీదు బల్ల మీద పరిచాను.

"గడపను బెంచీ అని అమ్మావు."

"ఏందీ సార్ గిట్లంటరు? గడపకు కాళ్లు పెడితే బెంచే గద. నేను రోజు మా గడప మీదనే కూసొని చాయ్ తాగుత."

"అది గడప కాదని రాసివ్వగలవా?"

"ఎందుకియ్య? గడప అని రాయాల్నా, కాదని రాయాల్నా? రెండు సుత రాసిస్త. అమ్మకు ఏది పసందైతే గది జూపించుండ్రి."

పత్రమన్న వస్తువు మీద ఇంత అగౌరవం నేను ఏ దేశచరిత్రలోనూ చదవలేదు. ఆ మాటే అతనికి చెప్పబోతుండగా లోవరాజు అడ్డుపడ్డాడు.

"అబ్రహామన్నా, కాగితాలొద్దు. మా అమ్మ నిలబడే ఉంటోంది. కూర్చోవాలి, అంతే."

అబ్రహాం నవ్వు ఆగిపోయింది. "ఇన్ని దినాలు నిలవడ్డదా అమ్మ? గది ముందుగాల చెప్పాలె గద తమ్మీ."

ఆ మధ్యాహ్నమే ట్రాలీ ఆటోలో మరొక బెంచీ వేసుకుని స్వయంగా వచ్చాడు. పాతదాన్ని తిరిగి తీసుకుపోదామని తాడు విప్పేసరికి అమ్మన్నమ్మగారు దానికి అడ్డంగా నిలబడ్డారు.

"పసుపు రాసిన గడపని బజారుకి తోలేస్తారేటి? అదిక్కడే ఉంటాది." తరువాత కొత్తగా వచ్చిన బెంచీ వైపు తిరిగారు. "ఇది ముందేటి బాబూ?"

అబ్రహాం నా వైపు చూశాడు. ఏ అబద్ధం ఆడతాడోనని భయపడ్డాను. "చర్చిల బెంచీ అమ్మా. ఆడ కుర్చీలు ఏసిన్రు, ఇవి తీసేసిన్రు."

లోవరాజు కళ్లు మూసుకున్నాడు.

"దీని మీద సెప్పులు పెట్టీవోరా?"

"లేదమ్మా. కూసొని దేవుని పాటలు పాడెటోళ్లు."

"అయితే మనుసులు కూకోడానికే సేసినారు."

"గందుకే చేసిన్రు. ఇంకో పనికి రాదది."

అమ్మన్నమ్మగారు చేత్తో చెక్కను ఒకసారి నిమిరారు. "దేముడి పాటలు ఇన్న సెక్క. దీనికేటి దోసం" అని తీర్పు చెప్పి కూర్చున్నారు. వీపు నిటారుగా ఆనింది, పాదాలు నేలకు అందాయి. ఎవరి చేయీ పట్టుకోకుండా లేచారు. మళ్లీ కూర్చున్నారు. మళ్లీ లేచారు. లోవరాజు ఎందుకో కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

"ఇలాగొచ్చి కూకో నాన్నా" అని పిలిచారు కొడుకుని. "ఇన్నాళ్లూ నిలబడి ఇననేక అడగనేదు. ఆ మాదాపూరులో నువ్వు సేసే పనేటో ఇప్పుడు సెప్పు."

లోవరాజు పక్కన కూర్చుని, అమెరికాలో ఒక బ్యాంకు ఉందనీ, దాని లెక్కలన్నీ సర్వర్లలో ఉంటాయనీ మొదలుపెట్టాడు. సర్వరంటే ఏమిటో చెప్పేలోగానే తల్లి కళ్లు మూతలు పడ్డాయి. అతను కంగారుగా నా వైపు చూశాడు.

తాడు చుట్టుకుంటున్న అబ్రహాం గొంతు తగ్గించి అన్నాడు: "పరేషాన్ గాకు తమ్మీ. గా బెంచీకి అలవాటే. పాస్టర్ ప్రసంగం షురూ కాంగనే నిద్ర పట్టిస్తది."

అమ్మన్నమ్మగారి తల కొడుకు భుజం మీదికి వాలింది. లోవరాజు కదలకుండా, మరీ మెల్లగా, సర్వర్ల సంగతి చెబుతూనే ఉన్నాడు.