బడికి పోని పిల్లకు టీసీ

ఉపాధ్యాయ మిత్రులకు నమస్కారములు.

ఆళ్ళగడ్డలో మా పొరుగింటి దానమ్మ, మంచాన పడిన తల్లిని చూసుకుంటూ ఎన్నడూ బడికి పోలేదు. ఏడో తరగతి దాకా చదువంతా ఇంటివద్ద నేనే చెప్పాను. తల్లి కోలుకున్నందున, ఈ రోజు ఆ అమ్మాయిని ఎనిమిదిలో చేర్పించడానికి నంద్యాలలోని మీ బడికి తీసుకువచ్చాను. ఇటువంటి పిల్లలకు తండ్రి హామీపత్రం, ప్రవేశపరీక్ష చాలునని నియమం. గుమాస్తా వినలేదు.

“టీసీ యాడ సార్?”

“బడికే పోని పిల్లకు టీసీ ఎవరిస్తారయ్యా?”

“అట్లయితే మీ ఊర్లో ఒకటో తరగతిలో చేర్పిచ్చి, టీసీ తీసుకొని రాండి.”

పదమూడేళ్ళ పిల్ల ముఖం ఎర్రబడింది. “పరీక్ష పెట్టమను తాతా, ఈడనే రాస్తా” అంది. ఎవరూ పెట్టలేదు.

ఇంట్లో చదివితే అది చదువు కాదా? మీరే చెప్పండి. మేము మళ్ళీ వచ్చేలోగా ఈ లేఖను మీ బడిలో, గుమాస్తా గదిలోకి వినబడేటట్లు, బిగ్గరగా చదివించ ప్రార్థన.